వస్త్ర తంతువుల గుర్తింపులో సూక్ష్మదర్శిని పాత్ర

పట్టు పేరుతో పాలిస్టర్, నూలు పేరుతో మిశ్రమ దారం విక్రయింపబడినప్పుడు చేనేత కార్మికుడు, వినియోగదారుడు ఇరువురూ నష్టపోతారు. మెరుపు, స్పర్శ ఆధారంగా చేసే గుర్తింపు నమ్మదగినది కాదు. తంతువు ఉపరితలాన్ని, అడ్డుకోతను సూక్ష్మదర్శినితో పరిశీలించడం తక్కువ ఖర్చుతో కూడిన శాస్త్రీయ పద్ధతి.

నమూనా తయారీ

వస్త్రం నుండి పడుగు, పేక దారాలను వేరువేరుగా తీసుకోవాలి. రెండింటిలో వేర్వేరు తంతువులు ఉండవచ్చు. దారం పురి విప్పి, కొద్ది తంతువులను స్లైడుపై విడివిడిగా పరచి, ఒక చుక్క గ్లిజరిన్ వేసి, గాలి బుడగలు ఏర్పడకుండా కవర్ స్లిప్‌ను ఏటవాలుగా దించాలి. మొదట 100 రెట్లు, తరువాత 400 రెట్లు పెద్దవిగా చేసి పరిశీలించాలి. ముదురు రంగులు వివరాలను కప్పివేస్తాయి కనుక అటువంటి నమూనాలకు ముందుగా రంగు తొలగించాలి. అడ్డుకోత కొరకు, సుమారు 1 మి.మీ. రంధ్రమున్న పలుచని లోహపు పలకలో తంతువుల కట్టను బిగుతుగా లాగి, ఇరువైపులా పదునైన బ్లేడుతో సమంగా కోయాలి.

ముఖ్య లక్షణాలు

ప్రత్తి: మెలికలు తిరిగిన రిబ్బను వలె కనిపిస్తుంది. అడ్డుకోత చిక్కుడు గింజ ఆకారంలో ఉండి, మధ్యలో సన్నని కుహరం ఉంటుంది. మెర్సరైజ్ చేసిన ప్రత్తిలో మెలికలు తగ్గి, తంతువు గుండ్రబడుతుంది.

అవిసె నార: వెదురు వలె అక్కడక్కడ కణుపులుంటాయి. అడ్డుకోత బహుభుజాకారం.

ఉన్ని: ఉపరితలంపై ఒకదానిపై ఒకటి పేర్చినట్లు పొలుసులుంటాయి. ముతక ఉన్నిలో మజ్జ కూడా కనిపించవచ్చు.

పట్టు: జిగురు తీసిన మల్బరీ పట్టు నునుపుగా ఉంటుంది. అడ్డుకోత మూలలు గుండ్రబడిన త్రిభుజం. దసలి పట్టు చదునుగా ఉండి, నిలువు చారలు కలిగి ఉంటుంది.

విస్కోస్ రేయాన్: నిలువు చారలుంటాయి. అడ్డుకోత అంచు రంపపు పళ్ళ వలె ఉంటుంది.

పాలిస్టర్, నైలాన్: సాధారణంగా నునుపైన గాజు కడ్డీల వలె, గుండ్రని అడ్డుకోతతో కనిపిస్తాయి.

పరిమితులు

పాలిస్టర్, నైలాన్‌లను రూపాన్ని బట్టి వేరు చేయలేము. గది ఉష్ణోగ్రతలో గాఢ ఫార్మిక్ ఆమ్లంలో నైలాన్ కరుగుతుంది, పాలిస్టర్ కరుగదు. పట్టు మెరుపు కొరకు కృత్రిమ తంతువులను మూడు తమ్మెల అడ్డుకోతతో కూడా తయారు చేస్తారు. అయితే వాటి కోతలన్నీ దాదాపు ఒకే విధంగా ఉంటాయి, పట్టు కోతలు పరస్పరం భిన్నంగా ఉంటాయి. కావున అనుమానం కలిగినప్పుడు దహన, ద్రావణీయత పరీక్షలతో నిర్ధారించుకోవాలి.

ప్రత్తి పరిపక్వత

18 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో ఉబ్బించినప్పుడు పరిపక్వ తంతువులు కడ్డీల వలె మారుతాయి. పలుచని గోడలు గల అపరిపక్వ తంతువులు రిబ్బను వలెనే మిగులుతాయి. ఇవి వడకుటలో ఉండలు కట్టి, అద్దకంలో రంగును తక్కువగా గ్రహించి, వస్త్రంపై లేత మచ్చలను కలిగిస్తాయి. పూర్తిగా పక్వానికి రాని కాయలను ఏరి మంచి ప్రత్తిలో కలుపరాదని రైతులకు చెప్పే విస్తరణ శాస్త్రవేత్తలు, ఈ తేడాను సూక్ష్మదర్శినిలో ప్రత్యక్షంగా చూపగలిగితే ఆ సలహా మరింత స్పష్టంగా అర్థమవుతుంది.