కోళ్లకు పులిసిన దాణా – బర్రెకు అందనీయరాదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము ముందు పాల క్యాన్లు, తరువాత లెక్కల పుస్తకాలు, వీలున్నంత వరకు సభ్యుల పెరళ్లు కూడా చూస్తాము. బర్రెలున్న చాలా ఇండ్లలో నాలుగైదు కోళ్లు కూడా తిరుగుతుంటాయి. పాల పైకం బిల్లు రోజున వస్తుంది. గుడ్ల పైకం ఏ రోజుకారోజు ఇల్లాలి చేతికి వస్తుంది. పాల పత్రికలో కోళ్ల దాణా సంగతి ఎందుకనుకునే సభ్యులు చివరి వరకు చదవగోరుతున్నాము.

మన వైపు మక్కలకు కొదవ లేదు. మిల్లుల దగ్గర నూకలు, తవుడు దొరుకుతాయి. వీటిని పొడిగా చల్లితే కోడి గింజ ఏరుకుని తింటుంది. తవుడు, పిండి మట్టిపాలవుతాయి. అదే దాణాను పులియబెడితే మెత్తబడి పిండితో సహా తింటుంది. ఇది మన ఆడవారికి కొత్త విద్య కాదు. అంబలి పులిసినట్లే, దోసె పిండి పులిసినట్లే. పాలను పెరుగుగా మార్చే జాతి సూక్ష్మజీవులే గింజలోని పిండి పదార్థాన్ని కొంత లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపులో సాల్మొనెల్లా వంటి చెడు క్రిములు పెరగలేవు. గింజలో ఫైటేట్ రూపంలో బిగిసి వున్న భాస్వరం కొంత విడివడి కోడి ఒంటికి పడుతుంది.

బయట తిరిగి మేసే పది కోళ్లకు రోజుకు అరకిలో పొడి దాణా సరిపోతుంది. పగులగొట్టిన మక్కలు 250 గ్రాములు, నూకలు 100, తవుడు 75, పల్లిచెక్క 75 గ్రాములు కలపాలి. మట్టి కుండ గాని ప్లాస్టిక్ బకెట్ గాని వాడాలి. పులుపు తగిలే చోట ఇనుము, రాగి, సత్తు పాత్రలు పనికిరావు. దాణాపై రెండు వేళ్ల ఎత్తు నీళ్లు నిలిచేటట్లు పోసి, చిన్న గ్లాసెడు పుల్లని మజ్జిగ కలిపి, గుడ్డ కట్టి నీడన వుంచాలి. ఉదయం, సాయంత్రం కలియబెట్టాలి. గింజ నీళ్లు పీల్చుకుని పైకి తేలితే మళ్లీ పోయాలి. ఎండాకాలంలో ఒక రోజు, చలికాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. కమ్మని పుల్ల వాసన వస్తే సిద్ధమైనట్లే. వడగట్టి, గంటలో తినివేయగలిగినంతే పెట్టాలి. వడగట్టిన నీళ్లలో కొన్ని మరుసటి కుండకు తోడుగా పనికివస్తాయి. గుడ్లు పెట్టే కోళ్లకు ఆల్చిప్పల పొడి వేరే మూకుడులో పెట్టాలి. కుండలో వేస్తే సున్నం పులుపును విరిచేస్తుంది.

ఈ దాణా మందు కాదు. కొక్కెర తెగులుకు టీకా వేయించవలసిందే.

బూజు పట్టిన మక్కలు పులియబెడితే బాగుపడతాయని కొందరు మాతో వాదించారు. అది పొరపాటు. బూజు వదిలిన అఫ్లటాక్సిన్ విషం పులుపుతో పోతుందని నమ్మడానికి లేదు. 1960లో ఇంగ్లండులో విషం చేరిన పల్లిచెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయిన తరువాతనే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. అటువంటి మక్కలు బర్రెకు పెట్టినా నష్టమే. విషంలో కొంత రూపు మారి పాలలోకి దిగుతుంది. మన దేశంలో కిలో పాలకు అర మైక్రోగ్రాము మించరాదని నిబంధన వుంది. కుండలో పచ్చగా, నల్లగా నూగు కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా మొత్తం గోతిలో పూడ్చివేయాలి.

ఇక అసలు సంగతి. సిరిసిల్ల వైపు ఒక గ్రామంలో (సంఘం పేరు చెప్పము) ఒక ఇల్లాలు వారానికి సరిపడా మక్కలు ఒకేసారి బకెట్లో నానవేసి, కుడితి గోలెం పక్కన పెట్టింది. రాత్రి పలుపు తెంచుకున్న బర్రె బకెట్ అడుగు దాకా తినివేసింది. తెల్లవారి నెమరు లేదు, కడుపు బిగిసింది, నీళ్లవంటి పేడ. "కోళ్లు తినే గింజలే గద సారూ, ఏమైతదనుకున్నం" అన్నది ఆమె. పశువైద్యుడు వచ్చేసరికి ఆలస్యమైంది. మూడవ నాడు బర్రె పోయింది. పూటకు నాలుగు లీటర్లు పోసే బర్రె అది. మరునాటి నుండి సంఘం రిజిస్టరులో ఆ ఖాతా ఎదుట గీత పడింది.

కోడి కడుపు వేరు, బర్రె కడుపు వేరు. బర్రె పెద్ద పొట్టలో గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులు లెక్కలేనన్ని వుంటాయి. అలవాటు లేని గింజ ఒక్కసారిగా పడితే అక్కడ పులుపు విపరీతంగా పెరిగి, అవి చచ్చిపోతాయి. ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. నానిన, పగిలిన గింజ మరీ వేగంగా పులుస్తుంది. పెండ్లి ఇంట మిగిలిన అన్నం గంపలతో పెట్టినా జరిగేది ఇదే. పశువు ఇలా తిన్నదని తెలిస్తే, లక్షణాలు కనిపించే దాకా ఆగరాదు. మిగిలిన దాణా తీసివేసి, ఎండు గడ్డి మాత్రం వుంచి, వెంటనే పశువైద్యునికి కబురు పెట్టాలి. తినే సోడా పట్టించడం ఆయన చెప్పిన మోతాదులోనే జరగాలి.

ఆ ఇల్లాలు కోళ్లను వదలలేదు. క్రిందటి తనిఖీలో చూశాము. కుండ ఇప్పుడు వసారాలో ఉట్టి మీద వుంది, అందులో ఒక్క రోజుకు సరిపడా గింజలే వున్నాయి.