ముందు నీరు - తరువాత మందు

వానలు పడి కొత్త నీరు బావుల్లోకి, చెరువుల్లోకి చేరగానే ఊళ్లలో విరేచనాల వ్యాధి తలెత్తుతుంది. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే, చాలామంది మందుల దుకాణానికి వెళ్లి నాలుగు బిళ్లలు తెచ్చి మింగిస్తారు. తరచు అవి యాంటీబయాటిక్ బిళ్లలే అయి ఉంటాయి. యాంటీబయాటిక్‌లు ఎందరి ప్రాణాలనో నిలిపిన మందులు. కాని ఎప్పుడు వాడాలో తెలియకుండా వాడితే మేలుకు బదులు కీడే కలుగుతుంది.

విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులలో వైరస్‌లు, బాక్టీరియా, అమీబా వంటి ఏకకణ జీవులు ఉన్నాయి. పసిపిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాలకు తరచు వైరస్‌లే కారణం. వాటిలో రోటా వైరస్ ముఖ్యమైనది. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది, లేదా పెరగనీయదు. వైరస్‌ను అది ఏమీ చేయలేదు. రోటా వైరస్ నుంచి కాపాడేది టీకా. మన దేశంలో ప్రభుత్వం 2016లో ఈ టీకాను మొదట ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో ప్రవేశపెట్టి, తరువాత మిగిలిన రాష్ట్రాలకు విస్తరించింది.

బాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలు కూడా చాలావరకు కొద్ది రోజులలో వాటంతట అవే తగ్గిపోతాయి. అయితే కొన్ని వ్యాధులకు యాంటీబయాటిక్ అవసరమవుతుంది. తీవ్రమైన కలరా అటువంటిది. షిగెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే రక్త విరేచనాలు మరొకటి. ఏ మందు, ఎంత మోతాదులో, ఎన్ని రోజులు ఇవ్వాలో రోగి వయసు, బరువు, లక్షణాలు చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

విరేచనాల వల్ల ప్రాణాపాయం ఎలా కలుగుతుంది? కలరా బాక్టీరియా ప్రేగులో ఒక విషాన్ని విడుదల చేస్తుంది. ఈ సంగతిని 1959లో కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే ప్రయోగపూర్వకంగా చూపారు. ఆ విషం వల్ల శరీరంలోని నీరు, లవణాలు ప్రేగులోకి వచ్చి విరేచనాల రూపంలో బయటికి పోతాయి. పోయిన నీటిని వెంటనే భర్తీ చేయకపోతే కొద్ది గంటలలోనే ప్రాణం పోవచ్చు. అయితే అప్పుడు కూడా ప్రేగుకు గ్లూకోజును పీల్చుకొనే శక్తి ఉంటుంది. గ్లూకోజుతో పాటు ఉప్పు, వాటి వెంట నీరు రక్తంలోకి చేరతాయి. ఓ.ఆర్.ఎస్. ద్రావణం పనిచేసేది ఈ సూత్రం మీదనే.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైన్ చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంట సోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించారు. బంధువులే గ్లాసులతో రోగులకు తాగించారు. నూటికి ముప్పయి వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపలే నిలిచాయి.

కలరాకు వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. దానిని కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనశాలకు సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మందులు వ్యాధి కాలాన్ని తగ్గిస్తాయి. కాని పోయిన నీటిని తిరిగి ఇవ్వలేవు. కాబట్టి మందు ఇచ్చినప్పుడు కూడా నీరు తాగించడం మానరాదు.

విరేచనాలు మొదలు కాగానే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దాని మీద రాసినంత పరిశుభ్రమైన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. కలిపిన ద్రావణాన్ని ఒక రోజుకు మించి ఉంచరాదు. పొట్లం దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తల కొట్టి కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. గంజి, మజ్జిగ కూడా ఇవ్వవచ్చు. పసిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. డాక్టరు లేదా ఆరోగ్య కార్యకర్త చెప్పిన ప్రకారం పిల్లలకు జింకు బిళ్లలు కూడా ఇవ్వాలి. విరేచనాలను బలవంతంగా కట్టించే బిళ్లలు పిల్లలకు ఇవ్వరాదు.

మలంలో రక్తం కనిపించినా, కడుగునీళ్లలా విరేచనాలు ధారగా అవుతున్నా, తీవ్రమైన జ్వరం ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, రోగి మగతగా ఉండి తాగలేకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా, తాగగలిగితే, ద్రావణం తాగిస్తూనే ఉండాలి.

డాక్టరు యాంటీబయాటిక్ రాసినప్పుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. ఒకరికి రాసిన మందు మరొకరు వాడరాదు. మిగిలిన బిళ్లలను దాచి మరోసారి మింగరాదు. అవసరం లేకుండా వాడినకొద్దీ మందుకు లొంగని బాక్టీరియా మిగిలి పెరుగుతాయి. అవి ఒకరి నుంచి మరొకరికి సోకుతాయి. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకొన్నప్పుడే ఈ ప్రమాదాన్ని గురించి హెచ్చరించారు. మన దేశంలో యాంటీబయాటిక్ బిళ్లల అట్టల మీద ఎర్రని గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు కొనరాదని దాని అర్థం. ఈ గీతను గుర్తించడం నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం చేపట్టింది.

కాచిన నీరు తాగడం, భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఆహారం మీద ఈగలు వాలకుండా చూడడం ఈ వ్యాధిని దరిచేరనీయవు. చదువుకొనే పిల్లలు ఇంటిలో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు ఉప్పు, చక్కెర సరిగా కొలిచి కలపగలిగితే, బిళ్లల అట్ట మీది ఎర్ర గీతను పెద్దలకు చూపగలిగితే, ఆ చదువు ఒక ప్రాణాన్ని కాపాడగలదు.