సంతకం ఎవరిది?

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేయడం మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14,000 మందికి వేశారు. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఈ కార్యక్రమాన్ని 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో అనుమతి పత్రాల లెక్క ఉంది. రాష్ట్రంలోని 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు.

ఇదే కార్యక్రమం నడిచిన గుజరాత్‌తో కలిపి అందులోని బాలికలు ఏడుగురు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో తేలింది. టీకా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసేదే. చెడింది అడిగిన తీరు. ఇది మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్ కాదు, పరిశీలన మాత్రమే అని నిర్వాహకులు వాదించారు. స్థాయీ సంఘం ఒప్పుకోలేదు. పేరేదైనా, సూది పిల్లదైనప్పుడు అడగాల్సింది కన్నవాళ్లను కదా!

అసలు అడగడమంటే ఏమిటి? "మీరెలా చెబితే అలాగే డాక్టరు గారూ" అనడం మనకు మర్యాద. వైద్యానికి ఆ మాట సరిపోతుందేమో గానీ పరిశోధనకు చాలదు. వైద్యంలో డాక్టరు మీకేది మంచిదో చూసి మందు రాస్తాడు. ట్రయల్‌లో ఎవరికి ఏ మందో చాలాసార్లు కంప్యూటరు లాటరీ తీసినట్టు తేలుస్తుంది. ఎంపిక డాక్టరుకే వదిలేస్తే గట్టివాళ్లకు ఒకటి, నీరసించినవాళ్లకు ఒకటి ఇచ్చే ప్రమాదముంది. అప్పుడు నయమైంది మందు వల్లో, ఒంటి బలం వల్లో తెలియదు. ట్రయల్‌లో చేరినవాళ్లు మాత్రం తమకు తగిన మందే ఎంచి ఇస్తున్నారని నమ్ముతుంటారు. అమెరికాలో పాల్ యాపిల్‌బామ్ బృందం 1982లోనే ఈ భ్రమకు ఒక పేరు పెట్టింది. చదువుకున్నవాళ్లూ దీనికి అతీతులేం కాదు.

ఉన్న సంగతి చెప్పి అడిగితే జనం ముందుకు రారనుకోవడం కూడా పొరపాటే. 2020 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బ్రిటన్ ఆసుపత్రుల్లో రికవరీ అనే ట్రయల్ మొదలుపెట్టింది. కోవిడ్‌కు ఏ మందు పనిచేస్తుందో డాక్టర్లకే తెలియని రోజులవి. జూన్ మధ్యకల్లా 11,500 మందికి పైగా చేరారు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీలు సైతం వాడే చవకైన డెక్సామెథసోన్‌ను అందులో పరీక్షించారు. వెంటిలేటరు మీదున్నవాళ్లలో మామూలు వైద్యంతో 28 రోజుల్లో 41.4 శాతం మంది చనిపోతే, ఈ మందు కూడా తీసుకున్నవాళ్లలో 29.3 శాతమే చనిపోయారు. ఆక్సిజన్ అవసరంలేని రోగులకు మాత్రం ఏ మేలూ కనబడలేదు. రెండో అల సమయంలో ఇళ్లలో జ్వరం రాగానే ఈ మాత్రలు మింగినవాళ్లు ఆ చివరి ఫలితం విని ఉంటే బాగుండేది.

మన దేశంలో 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అడిగే పద్ధతేమిటో చెబుతాయి. అనుమతి పత్రం మనకర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రానివాళ్లు వేలిముద్ర వేయాలంటే, పరిశోధనతో సంబంధంలేని సాక్షి మొదటి నుంచీ పక్కనుండి అంతా వినాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, కాస్త ఊహ తెలిసిన పిల్లల్నీ అడగాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఉంది. మధ్యలో మానేస్తానన్నా మామూలు వైద్యం ఆపకూడదు.

ఎవరైనా అలాంటి కాగితం మీ ముందు పెడితే సంతకం అప్పటికప్పుడే చేయక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోవాళ్లతో మాట్లాడొచ్చు. చేరకపోతే నాకు ఏ వైద్యం చేస్తారని డాక్టరునే అడగండి. ట్రయల్‌ను పర్యవేక్షించే ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు ఏ పేజీలో ఉందో కూడా చూపించమనండి.