పట్టీలో పేరు పోరాదు

ఆదోని ప్రత్తికిని, ఎమ్మిగనూరు నేతకును పేరు వడసినవి. 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండిన ఈ ప్రాంతమున తెలుగుతోపాటు కన్నడమును, ఉర్దూయు వినవచ్చును. ఇట్టి చోట ఒక నేతగాండ్ర సంఘము తన కూలి పట్టీని కంప్యూటరు నందు పైథాన్ అను భాషలో వ్రాసిన ప్రోగ్రాముతో సిద్ధపరచుచున్నదని ఊహింతము.

కంప్యూటరు ఎరిగినది అంకెలనే. యూనికోడ్ అను ఏర్పాటున ప్రతి అక్షరచిహ్నమునకును ఒక సంఖ్య కలదు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగునకు చోటు లభించినది. మన లిపికి 3072 మొదలు 3199 వరకు, దాని ప్రక్కనే కన్నడమునకు 3200 మొదలు 3327 వరకు స్థానములు. మన ‘ఆ’ సంఖ్య 3078. ఈ సంఖ్యను ఫైలులో నిలుపదగిన బైట్లుగా మార్చు పద్ధతియే ఎన్‌కోడింగ్. యూటీఎఫ్‌-8 పద్ధతిలో ప్రతి తెలుగు చిహ్నమునకు మూడు బైట్లు కావలెను. ‘ఆదోని’లో చిహ్నములు ఐదు, బైట్లు పదునైదు. పాత ఆస్కీ పద్ధతిలో ఉన్నవి 128 స్థానములే. అందు తెలుగునకు తావు లేదు.

తావు లేని పద్ధతిలో తెలుగు వ్రాయుమన్నచో పైథాన్ దోషమును తెలిపి ఆగిపోవును. ‘స్ట్రిక్ట్’ అను ఈ నియమము మనము కోరకున్నను అమలులో నుండును. పని ఆగినదని విసిగి, కొందరు ‘ఇగ్నోర్’ లేక ‘రీప్లేస్’ అని వ్రాసి దాని నోరు మూయింతురు. అప్పుడేమి జరుగును? ‘నరసమ్మ’లో పొల్లుతో కూడ చిహ్నములు ఆరు, సున్నను, పొల్లును లెక్కింపగా ‘రంగమ్మ’లోను ఆరే. ‘రీప్లేస్’ వలన ఇరువురి పేర్లును ఆరేసి ప్రశ్నార్థకములుగా మారును. ‘ఇగ్నోర్’ వలన ఆ చోటు శూన్యమగును. కూలి ఎవరిదో ఆ ఫైలును బట్టి ఎవరును చెప్పజాలరు. ‘బ్యాక్‌స్లాష్‌రీప్లేస్’ మాత్రము అక్షరమునకు బదులు దాని సంఖ్యాసంకేతమును వ్రాయును. చూపునకు వికారమైనను, పేరును దానినుండి మరల రాబట్టవచ్చును.

మరి చేయవలసినదేమి? కొన్ని యంత్రములు తెలుగునకు తావు లేని ఎన్‌కోడింగ్‌ను తామై ఎన్నుకొనును. కావున ఫైలు తెరచునప్పుడే యూటీఎఫ్‌-8 అని స్పష్టముగా పేర్కొనవలెను. ‘స్ట్రిక్ట్’ నియమమును తొలగింపరాదు. ఇంకొక జాగ్రత్తయు కలదు: ఉన్న ఫైలును ‘వ్రాత’ పద్ధతిలో తెరచినంతనే పాత విషయము తుడిచిపోవును. నడుమ దోషము వచ్చినచో పాత పట్టీ దక్కదు, క్రొత్తది పూర్తి కాదు. అందువలన వేరొక ఫైలులో వ్రాసి, అది సాంతముగా ముగిసిన పిమ్మటనే దానిని పాతదాని స్థానమున నిలుపవలెను.

దోషము చూపి యంత్రము ఆగినచో కొంత కాలము వృథా యగును. ఆగక ప్రశ్నార్థకములు వ్రాసినచో నరసమ్మ కూలి నిలిచిపోవును. ఈ రెంటిలో ఏది మేలో పాఠకులే నిర్ణయింపగలరు.