మోటారు సైకిల్ ఇంజిన్ ఆయిల్: డబ్బా మీది అంకెలు, అక్షరాలు

కారులో ఇంజిన్‌కు ఒక ఆయిల్, గేర్‌బాక్స్‌కు వేరొక ఆయిల్ ఉంటాయి. దాని క్లచ్ సాధారణంగా ఆయిల్ తగలని పొడి క్లచ్. మన రోడ్ల మీద తిరిగే గేర్ల మోటారు సైకిళ్లలో అధిక భాగం అలా కావు. పిస్టన్‌ను చల్లబరిచే ఆయిలే గేరు పళ్ల మధ్య నలుగుతుంది, క్లచ్ ప్లేట్లను కూడా తడుపుతుంది. మోటారు సైకిల్‌కు ఆయిల్ ఎంచుకోవడంలోని చిక్కంతా ఈ ఉమ్మడి కాపురం నుంచే పుడుతుంది.

డబ్బా మీద పెద్దగా కనిపించే 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-50 వంటివి ఎస్ఏఈ అనే అమెరికా ఇంజినీర్ల సంస్థ నిర్ణయించిన చిక్కదనపు గ్రేడ్లు. ‘డబ్ల్యు’కు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. ఇంజిన్ తిరగడానికి సంబంధించిన పరీక్షను 10డబ్ల్యు ఆయిల్‌కు మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, 20డబ్ల్యు ఆయిల్‌కు మైనస్ 15 వద్ద జరుపుతారు. లంబసింగిలోనైనా అంత చలి ఉండదు కనుక తెలుగు వారికి ప్రధానమైనది రెండో అంకె. 100 డిగ్రీల వేడిలో ఆయిల్‌కు ఉండే చిక్కదనాన్ని అది సూచిస్తుంది. వేసవిలో చిక్కటి ఆయిల్ పోయిస్తే మేలని చాలామంది నమ్ముతారు గాని, ఏ గ్రేడు వాడాలో చెప్పేముందు తయారీదారు ఇంజిన్ భాగాల మధ్య ఖాళీలను, ఆయిల్ పంపు శక్తిని, వాతావరణాన్ని లెక్కలోకి తీసుకునే ఉంటాడు. అందువల్ల యజమాని పుస్తకమే అనుమతిస్తే తప్ప గ్రేడు మార్చడం తగదు.

అంకెలను అందరూ చూస్తారు. అంతకన్నా ముఖ్యమైన చిన్న అక్షరాలను చూసేవారు తక్కువ. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో, నాలుగు స్ట్రోకుల మోటారు సైకిల్ ఆయిళ్లకు 1998లో ఒక ప్రమాణాన్ని తెచ్చి, క్లచ్ ప్లేట్ల మధ్య అవి ఎంత ఘర్షణను నిలబెడతాయో కొలిచి, ఎక్కువ నిలబెట్టే వాటిని ఎంఏ అని, తక్కువ నిలబెట్టే వాటిని ఎంబీ అని విభజించింది. ఎంఏలోనే ఎంఏ1, ఎంఏ2 అనే విభాగాలు తర్వాత వచ్చాయి. వీటిలో ఎంఏ2 ఘర్షణ ఎక్కువ. ఇంధనం ఆదా చేయడం కోసం కొన్ని కారు ఆయిళ్లలో కలిపే ఘర్షణ తగ్గించే రసాయనాలు తడి క్లచ్‌లోకి చేరితే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేక జారుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరిగి, బండి వేగం మాత్రం పెరగకపోవడం ఈ జారుడుకు గుర్తు. కాబట్టి ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అన్న ముద్ర ఉండి, జాసో ఎంఏ గుర్తు లేని ఆయిల్, ఎంత ఖరీదైనదైనా, గేర్ల బండికి పనికిరాదు. గేర్లు లేని స్కూటర్ల సంగతి వేరు. వాటి క్లచ్ పొడిది కావడంతో, హోండా యాక్టివా వంటి వాటికి ఎంబీ ఆయిలే సూచిస్తారు.

ముడి చమురు నుంచి శుద్ధి చేసిన మినరల్ ఆయిల్ కన్నా రసాయన ప్రక్రియలతో తయారైన సింథటిక్ ఆయిల్ వేడిని ఎక్కువ కాలం తట్టుకుంటుంది, సెమీ సింథటిక్ ఈ రెండింటి మిశ్రమం. అయితే చిక్కదనాన్ని కాపాడేందుకు ఆయిల్‌లో కలిపే పొడవాటి పాలిమర్ అణువులను గేరు పళ్లు క్రమంగా తెంచుతాయి కాబట్టి, ఏ రకమైనా గడువుకు మార్చక తప్పదు. నల్లబడిన ఆయిల్ పాడైనట్టేనని అనుకోవడం సరికాదు. మసిని తనలో కలుపుకొని భాగాలకు అంటకుండా ఉంచడం దాని విధుల్లో ఒకటి, అందుకే రంగును కాక పుస్తకంలోని కిలోమీటర్ల గడువునే నమ్మాలి. ఆయిల్ మట్టాన్ని బండిని సమంగా నిలిపి చూడాలి, సైడ్ స్టాండ్ మీద కాదు.

పుస్తకం చెప్పిన గ్రేడు, ఎంఏ గుర్తు ఉన్న మామూలు మినరల్ ఆయిల్‌ను సకాలంలో మార్చుకుంటూ ఉండటమే, గుర్తు లేని ఖరీదైన కారు సింథటిక్ ఆయిల్ పోయించడం కన్నా రోజువారీ గేర్ల బండికి శ్రేయస్కరం.