చలికాలమున కర్షకుల చేతి పగుళ్లు

ఇబ్రహీంపట్నము, హయత్‌నగరు వైపులనుండి ఎల్.బి.నగర్ దారిని దిల్‌సుఖ్‌నగర్ చెంతనున్న సరూర్‌నగర్ రైతుబజారునకు వేకువనే కూరగాయలు తెచ్చు సభ్యులకు మార్గశిర పుష్యమాసములు చేతుల కెంత బాధాకరములో మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఈ దినములలో రాత్రి చలి 12 డిగ్రీలకును తగ్గుట కలదు; పగటిగాలి మిక్కిలి పొడిగా నుండును.

తరచుగా నీరు తగిలిన చేయి మెత్తబడునని కొందరు తలచుచున్నారు. అది సరికాదు. చర్మపు పైపొరలోని సహజమైన జిడ్డు లోపలి తేమను నిలుపును. వేడినీరును, బట్టలసబ్బును ఆ జిడ్డును హరించును. ఆకుకూర కట్టలపై మాటిమాటికి నీరు చల్లి, తడిచేతులను గాలి కారవిడిచినచో లోని తేమయు పోవును. అంతట ఎండిన చెరువు నేలవలె చర్మము నెర్రెలు విచ్చును.

ఈ పగుళ్లను ఉపేక్షింపరాదు. ధనుర్వాతము కలిగించు క్రిములు మట్టిలోను, పేడలోను ఉండును. పగిలిన చర్మముగుండ పురుగుమందులు మరింత సులభముగ దేహమున ప్రవేశించును.

కావున సభ్యులు గోరువెచ్చని నీటను, ఒంటిసబ్బుతోను చేతులు కడుగుకొని, మెత్తని గుడ్డతో అద్ది, తడి పూర్తిగ ఆరకమునుపే కొబ్బరినూనెగాని వాసెలిన్‌గాని రాచుకొనవలయును. నూనె తేమను పుట్టింపదు, ఉన్నదానిని నిలుపును. అందుచేతనే ఎండిన చేతికి రాచినదానికంటె తేమచేతికి రాచినది ఎక్కువ గుణమిచ్చును. 1872లో అమెరికాలో ఛీస్‌బ్రో అనువాడు పేటెంటు పొందిన వాసెలిన్ నేటికిని ఇందులకు చౌకయైన సాధనమే. రాత్రి దానిని దట్టముగ పూసి నూలు తొడుగులు ధరించి నిద్రించుట మేలు. జిడ్డు వదల్చుటకు కిరసనాయిలు వాడరాదు; పగుళ్లపై నిమ్మరసము రాయరాదు.

మందు కలుపునపుడును, చల్లునపుడును నైట్రైల్ రబ్బరు తొడుగులు తప్పనిసరి. గుడ్డ తొడుగులు మందును పీల్చి చర్మమునకే అంటించును. చేతికి నూనె రాచితిమి గదా యని తొడుగులు మానరాదు.

పగులు ఎఱ్ఱనై వాచినను, చీము పట్టినను, మధుమేహమున్నవారికి చిన్న పగులైనను మానకున్నను వైద్యునికి చూపవలయును. ధనుర్వాతపు సూది వేయించుకొని పదియేండ్లు దాటినవారు మరల వేయించుకొనుట యుక్తము.

నాగలి కఱ్ఱుకు పదును పెట్టింపక దుక్కికి పోవు రైతు లేడు. చేయియు అట్టి పనిముట్టే. సంఘమున ఎరువులతోపాటు చేతి తొడుగులనుగూడ సభ్యులు కలసి తెప్పించుకొందురుగాక యని మా మనవి.