కొవ్వుకు చోటు చాలక

‘నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. సిగరెట్ ముట్టను, స్వీట్లు అంతంత మాత్రమే. నాకు షుగరేమిటండీ?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్న చూశాక మిగతావన్నీ పక్కన పెట్టేశాను.

ఆయన బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 22. లెక్క ప్రకారం లావు కాదు. కానీ ఆ లెక్క కట్టింది ఎవరు? 19వ శతాబ్దంలో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త క్వెట్లే. జనసమూహాల సగటు తెలుసుకోవడానికి చేసిన సూత్రమది, ఎదురుగా కూర్చున్న ఒక రోగి కోసం కాదు. 2004లో లాన్సెట్ పత్రిక ఒక ఫొటో వేసింది. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ ప్రొఫెసర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

అయితే అసలు సంగతి కొవ్వు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. చర్మం కింది కొవ్వు మనకు శత్రువు కాదు. అది గాదె లాంటిది. మిగిలిన శక్తిని అక్కడ దాచుకున్నంత కాలం ఒంటికి హాని తక్కువ. గాదె చిన్నదైతే గింజలు ఇల్లంతా పరుచుకున్నట్టు, కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి, పేగుల చుట్టూ చేరుతుంది. దక్షిణాసియా వాళ్లలో ఈ గాదె చిన్నదని స్నైడర్‌మన్ బృందం 2007లో ప్రతిపాదించింది. కొవ్వు పేరుకుంటే కాలేయం ఇన్సులిన్ మాట వినదు. చక్కెర తయారీ ఆపమని ఇన్సులిన్ ఎంత చెప్పినా రాత్రంతా తయారు చేస్తూనే ఉంటుంది. పొద్దున పరగడుపు షుగర్ పెరిగేది అందుకే.

దీనికి నాకు అన్నిటికన్నా నచ్చిన రుజువు ఎలుకల్లో ఉంది. కొవ్వు కణజాలం దాదాపు లేకుండా పుట్టించిన ఎలుకలకు తీవ్రమైన మధుమేహం వచ్చింది, కాలేయం నిండా కొవ్వు. వాటికి మామూలు ఎలుకల కొవ్వును చర్మం కింద అతికిస్తే మధుమేహం తగ్గిపోయింది! కొవ్వు ఎక్కించి షుగర్ తగ్గించారన్నమాట. పయోగ్లిటజోన్ అనే షుగర్ మందు వాడే వాళ్లకు బరువు పెరిగినా షుగర్ అదుపులోకి రావడం వెనుక ఉన్నదీ ఇదే. ఆ మందు చర్మం కింద కొత్త కొవ్వు కణాలకు చోటు చేస్తుంది.

1962లో జన్యు శాస్త్రవేత్త జేమ్స్ నీల్ ఇంకోలా చెప్పారు. కరువుల్లో బతికిన పూర్వీకులు కొవ్వు బాగా దాచుకునే జన్యువులిచ్చారని, అవే ఇప్పుడు మధుమేహం తెస్తున్నాయని. వినడానికి ఎంత బాగుందో! దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు దాన్నే వల్లించాయి. మన చిక్కు దానికి తలకిందులు. మనకు దాచుకునే శక్తే తక్కువ. దీని మూలాలు తల్లి కడుపులోనే ఉన్నాయని పుణేలో చేసిన ఒక అధ్యయనం చూపింది. అక్కడ శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. పుణే బిడ్డల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

మరి గాదె చిన్నదైన వాళ్లు బరువు తగ్గితే? న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం అంత లావు లేని 20 మంది మధుమేహుల బరువు తగ్గించి చూసింది. దాదాపు 6.5 శాతం తగ్గేసరికి 14 మందికి మందులు లేకుండానే షుగర్ మధుమేహం హద్దు కిందికి వచ్చింది. ఎవరి గాదె కొలత వాళ్లదే.

ఇంత తెలిసినా, చాలా క్లినిక్కుల్లో తూకం యంత్రం ఉంటుంది, నడుము కొలిచే టేపు ఉండదు. ఇది నాకు మింగుడుపడదు. అమెరికా మధుమేహ సంఘం 2015లోనే ఆసియా మూలాల వాళ్లకు షుగర్ పరీక్ష చేయాల్సిన బీఎంఐ హద్దును 23కి దించింది. డల్లాస్‌లో ఉన్నా దర్శిలో ఉన్నా మనకు ఆ హద్దే వర్తిస్తుంది. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటినా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉన్నా, బరువు ఎంతున్నా సరే పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. కాలేయంలో కొవ్వు ఉందేమో కూడా డాక్టరును అడగండి.